నెట్ సెంటర్ అబ్బాయి బుక్‌మార్కులు

మా చిన్న మామయ్య ఒక దూరవిద్య కేంద్రంలో, పరీక్షల సెక్షన్‌లో పనిచేస్తాడు. ఏ కేంద్రమో చెప్పను. చెప్తే ఆయనకి ఇబ్బంది, పైగా ఇలాంటి వెబ్‌సైటు వాళ్ళకొక్కరికే ఉందనుకుంటారు. పరీక్షల ముందు నెలన్నర రోజులు ఆయన టేబుల్ మీద ఫోను మోగుతూనే ఉంటుంది. హాల్ టికెట్ ఎక్కడ దొరుకుతుంది, ఫీజుకి ఆఖరి తేదీ ఎప్పుడు, సప్లీ రాసేవాళ్ళకి సెంటరు ఎక్కడ. "అన్నీ వెబ్‌సైట్లో ఉన్నాయమ్మా, చూసుకోండి" అంటాడు మామయ్య. "చూశామండీ, కనబడట్లేదు" అంటారు అవతలివాళ్ళు. ఏళ్ళ తరబడి ఇదే సంభాషణ నడిచాక, పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అరిసెల పళ్ళెం నా ముందు పెట్టి, "నీ ఉద్యోగం ఇదేగా, మా సైట్లో లోపం ఏంటో ఒకసారి చూసి పెట్టవే" అన్నాడు.

నా ఉద్యోగం సరిగ్గా అదే. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో యాప్‌లకి, వెబ్‌సైట్లకి తెరలు గీస్తాను. ఏ బటన్ ఎక్కడుండాలి, మెనూలో ఏ మాట రాయాలి అని రోజంతా వాదించుకోవడమే మా పని. మామయ్య అడిగింది ఒక పూట పని అనుకున్నాను. పండగ సెలవుల్లోనే తేల్చేస్తానని మాట కూడా ఇచ్చాను.

ఆ సాయంత్రమే లాప్‌టాప్‌లో సైటు తెరిచాను. పైన ఆకుపచ్చ పట్టీ, మధ్యలో లోగో, దానికి అటూ ఇటూ పెద్దల ఫొటోలు ఐదు. కింద మెనూ. మెనూ కింద వాటంతట అవే జారిపోయే ఫొటోలు: జ్యోతి ప్రజ్వలన, శాలువా సన్మానం, రిబ్బన్ కటింగ్, మళ్ళీ జ్యోతి ప్రజ్వలన. ఎడమ పక్క ఇంకో మెనూ. కుడి పక్క కిందనుంచి పైకి పాకుతూ పోయే నోటీసుల పెట్టె. వీటన్నిటి మధ్య అడ్డంగా, పసుపు పట్టీ మీద పరిగెత్తే ఎర్ర అక్షరాలు. అడుగున విజిటర్ల లెక్క, దాని కింద ఈ సైటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో, 1024 బై 768 తెర మీద బాగా కనబడుతుందని ఒక హామీ. ఆ బ్రౌజర్‌కి మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లోనే సెలవిచ్చేసింది.

పై మెనూలో తొమ్మిది పేర్లు. ఒక్కోదాని మీద మౌస్ పెడితే కిందికి ఒక జాబితా జారుతుంది, అందులో కొన్నిటి పక్కన ఇంకో జాబితా తెరుచుకుంటుంది. ఓపికపట్టి లెక్కపెడితే 64 లింకులు తేలాయి. వాటిలో "స్టూడెంట్ కార్నర్" ఒకటి, "స్టూడెంట్ జోన్" ఒకటి, "స్టూడెంట్ సర్వీసెస్" ఒకటి. మూడిట్లో మూడు వేర్వేరు విషయాలున్నాయి. ఏది ఎందులో ఎందుకుందో మామయ్యని అడిగితే, "అది ఎవరు ఎప్పుడు పెట్టించారో దాన్నిబట్టి" అన్నాడు.

నోటీసుల పక్కన మిణుకుమిణుకుమనే "న్యూ" బొమ్మ ఉంది. 2019 నాటి నోటీసు పక్కన కూడా అంతే ఉత్సాహంగా మిణుకుతోంది.

ఇలాంటి సైటు కంటబడితే మా వృత్తిలోవాళ్ళకి లోలోపల కొంచెం సంతోషం కలుగుతుంది. పెళ్ళి భోజనంలో పప్పులో ఉప్పు తక్కువైందని కనిపెట్టిన బంధువు సంతోషం లాంటిది. ఆ సంతోషంతోనే ఎక్సెల్ షీటు తెరిచాను.

పద్ధతి కొత్తదేమీ కాదు. సైట్లు జనానికి వాడటం ఎంత తేలికో పరిశోధించే జాకబ్ నీల్సన్ 1994లో ఖరారు చేసిన పది సూత్రాలున్నాయి. సైటు లోపల ఏం జరుగుతోందో మనిషికి తెలుస్తోందా, వాడే మాటలు జనం మాటలేనా, పొరపాటున ఎక్కడికో వెళ్తే వెనక్కి రావడానికి దారుందా, గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం లేకుండా కళ్ళ ముందే ఉందా, ఇలా ఉంటాయి. ఒక్కో పేజీని ఈ పదింటికీ ఎదురు పెట్టి చూడాలి. దొరికిన ప్రతి తప్పుకీ 0 నుంచి 4 దాకా తీవ్రత మార్కు వేయాలి. 0 అంటే అది అసలు తప్పే కాదు. 4 అంటే అది సరిచేయకుండా సైటు బయటికి వదలకూడదు. ఒక్కరే కూర్చుని చూస్తే మాత్రం చాలా జారిపోతాయి. తన ప్రాజెక్టుల్లో ఒక్కో పరిశీలకుడికి సగటున 35 శాతం సమస్యలే చిక్కాయని నీల్సనే రాశాడు. అందుకని ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయిని బతిమాలి, నా షీటు చూపించకుండా, తననీ విడిగా చూడమన్నాను. నాకు 31 తప్పులు దొరికాయి, తనకి 26. ఇద్దరికీ ఉమ్మడిగా దొరికినవి పద్నాలుగే. కలిపితే మొత్తం 43.

పరిగెత్తే ఎర్ర అక్షరాలకి నేను 4 వేశాను. ఐదు సెకన్లకు మించి దానంతట అది కదిలేదేదైనా ఉంటే దాన్ని ఆపుకునే వీలుండాలని వెబ్ అందరికీ అందుబాటులో ఉండటానికి రాసిన అంతర్జాతీయ ప్రమాణాల్లో ఉంది, అదీ అతి కనీస స్థాయిలోనే. అక్షరాల రంగుకీ వెనక రంగుకీ వెలుగులో ఎంత తేడా ఉందో నిష్పత్తిగా కొలిచాను. ఆ పసుపు మీద ఆ ఎరుపుకి 3.7 వచ్చింది. మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలి. పసుపుదాకా ఎందుకు, తెల్ల నేపథ్యం మీద అచ్చమైన ఎరుపు కూడా 4 దగ్గరే ఆగిపోతుంది. మనవాళ్ళేమో ముఖ్యమైన ప్రతి మాటనీ ఎర్రగానే రాస్తారు.

ఉపమెనూల ఇబ్బంది ఇంకోటి. మొదటి జాబితాలోంచి పక్క జాబితాలోకి మౌస్ తీసుకెళ్ళాలంటే గీత గీసినట్టు నేరుగా వెళ్ళాలి. మనిషి చెయ్యి సహజంగా ఏటవాలుగా కదులుతుంది. అలా కదలగానే కింది పేరు మీద పడి మొత్తం జాబితానే మారిపోతుంది. చిన్నప్పుడు జాతరలో చిన్న రింగు తీగకి తగలకుండా చివరిదాకా తీసుకెళ్ళే ఆట గుర్తొచ్చింది. దానికి 3.

ఒక మూల "తెలుగు" అని లింకు ఉంది. సంతోషంగా నొక్కితే అర్థంకాని గుర్తులూ ఇంగ్లీషు అక్షరాలూ కలగాపులగంగా వచ్చాయి. అన్ని భాషల అక్షరాలకీ ఒక్కోదానికి ఒక్కో సంకేతం కేటాయించిన యూనికోడ్ అలవాటు కాకముందు, అచ్చు పనికి వాడే డీటీపీ ఫాంటులో టైపు చేసిన పేజీ అది. ఆ ఫాంట్లలో తెలుగు కేవలం పైపూత. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో తెలుగులా కనబడుతుంది, లేని చోట ఇలా రాలిపోతుంది. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటిచ్చారు. ఇన్నేళ్ళుగా ఆ లింకు నొక్కినవాళ్ళు ఏమనుకుని ఉంటారో. యూనికోడ్‌లో ఉన్న ఒకటి రెండు తెలుగు నోటీసుల్లో వరసల మధ్య దూరం ఇంగ్లీషుకి సరిపోయేంతే ఇచ్చారు. మన అక్షరాలకి తల మీద గుడులుంటాయి, కాళ్ళ కింద వత్తులుంటాయి. పై వరస వత్తు కింది వరస గుడిని పొడుస్తోంది.

షీటు తయారైంది, రంగులు వేశాను, మామయ్యకి పంపబోతున్నాను. అప్పుడు పక్క సీటు అమ్మాయి, "ఇదంతా లాప్‌టాప్‌లోనే చూశావా?" అంది.

నిజంగా సిగ్గేసింది. దూరవిద్యలో చదివేవాళ్ళు ఎవరు? పగలు ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ, ఆగిపోయిన డిగ్రీ పూర్తిచేసుకునేవాళ్ళు. వాళ్ళ చేతుల్లో ఉండేది ఫోనే. ఫోన్లో తెరిచి చూశాను. సైటుకి ఫోను తెర వెడల్పు ఎంతో తెలియజేసే ఒక వరుస కోడ్ లేదు. అది లేకపోతే బ్రౌజరు ఆ పేజీని 980 పిక్సెళ్ళ వెడల్పున్న కంప్యూటర్ తెర అనుకుని గీసి, దాన్ని కుదించి అరచేతిలో పెడుతుంది. అక్షరాలు ఆవగింజలంత. రెండు వేళ్ళతో పెద్దది చేసుకుంటే ఒక మూల మాత్రమే కనబడుతుంది. ఆ మూల మొత్తంలో ఎక్కడుందో తెలియదు. వాకిట్లో పెద్ద ముగ్గు మీద చీమ నడిచినట్టుంటుంది. ఇక మౌస్ పెడితే తెరుచుకునే మెనూలకి ఫోన్లో అర్థమే లేదు, వేలికి "పైన పెట్టడం" అనేది ఉండదు కదా. నొక్కితే ఉపమెనూ కనిపించేలోపే పెద్ద పేజీ తెరుచుకుంటుంది.

షీటు పక్కనపెట్టాను. ఫిబ్రవరిలో ఒక శని ఆదివారాలు చూసుకుని ఊరెళ్ళాను. అక్కడే చదువుతున్న ఐదుగురిని పట్టుకోమని మామయ్యకి ముందే చెప్పాను. ఐదుగురే ఎందుకన్నాడు. ఒక్కో మనిషికి దాదాపు 31 శాతం సమస్యలు ఎదురవుతాయనుకుంటే ఐదుగురు అయ్యేసరికి 85 శాతం దాకా బయటపడతాయని నీల్సన్, లాండౌయర్ అనే ఇంకో పరిశోధకుడు కలిసి 1993లో వేసిన లెక్క ఒకటుంది. దాని మీద వాదనలు చాలా జరిగాయి, కానీ మామయ్య వరండాలో కుర్చీలు కూడా అయిదే.

వచ్చినవాళ్ళు: ఆర్టీసీ కండక్టరు గారు, అంగన్‌వాడీ టీచరు, బట్టల షాపులో పనిచేసే ఇరవై రెండేళ్ళ అబ్బాయి, పెళ్ళయ్యి పద్నాలుగేళ్ళ తర్వాత డిగ్రీలో చేరిన ఒక గృహిణి, చూపు లేని ఒక ఎంఏ విద్యార్థి. ఒక్కొక్కరికీ విడివిడిగా నాలుగు పనులు ఇచ్చాను. ఎవరి ఫోను వాళ్ళదే. "మీ మనసులో ఏం అనుకుంటున్నారో అది పైకి అంటూ చేయండి. పరీక్ష మీకు కాదు, సైటుకి" అని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. దూరవిద్య వాళ్ళని కూర్చోబెట్టి ఇది పరీక్ష కాదంటే ఎలా నమ్ముతారు?

మొదట కండక్టరు గారు. హాల్ టికెట్ తీయమన్నాను. స్టూడెంట్ కార్నర్ తెరిచారు, లేదు. స్టూడెంట్ జోన్, లేదు. డౌన్‌లోడ్స్‌లోకి వెళ్ళి "స్కాన్ 0037" అనే పీడీఎఫ్ నొక్కారు. ఏమీ జరగలేదన్నట్టు మళ్ళీ నొక్కారు, మళ్ళీ నొక్కారు. నిజానికి మూడుసార్లూ డౌన్‌లోడ్ అయింది, ఆ విషయం ఆయనకి చెప్పినవాళ్ళు లేరు. తెరిస్తే ఒక సర్క్యులర్, అడ్డంగా స్కాన్ చేసింది. ఫోను అడ్డం తిప్పారు, పేజీ కూడా దాంతోపాటే తిరిగింది. తల వంచి చదివారు. అది పోయిన ఏడాది పరీక్షలది. వెనక్కి వెళ్ళబోతే వెనక్కి బటన్ పనిచేయలేదు, ఎందుకంటే ప్రతి లింకూ కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటోంది. ఒక దశలో ఆయన ఫోన్లో పద్నాలుగు ట్యాబ్‌లున్నాయి.

నేను నోరు మూసుకుని కూర్చోవాలి. ఈ పనిలో అన్నిటికంటే కష్టం అదే. "నలభై స్టేజీలకి టికెట్లు కొట్టేవాడిని, నాకు ఒక్క టికెట్ తీసుకోవడం రావట్లేదమ్మా" అని ఆయన నవ్వినప్పుడు నాకు నవ్వు రాలేదు.

ఎట్టకేలకు పేజీ దొరికింది. నేను ఊపిరి పీల్చుకున్నాను, ఇక నాలుగంకెలు కొడితే అయిపోతుందని. అక్కడే ఆగిపోయారు. ఆ పేజీ "ఎన్‌రోల్‌మెంట్ నంబర్" అడుగుతోంది. ఆయన జేబులోంచి తీసిన ఐడీ కార్డు మీద ఉన్నది "అడ్మిషన్ నంబర్". పర్సులో ఉన్న ఫీజు రసీదు మీద "రిజిస్ట్రేషన్ నంబర్". మూడూ ఒకే నంబరు. ఆ సంగతి పరీక్షల సెక్షన్‌కి తెలుసు, నెట్ సెంటర్ల వాళ్ళకి తెలుసు, చదివేవాళ్ళకి తెలియదు. "నాకు ఎన్‌రోల్‌మెంట్ నంబర్ ఇవ్వలేదండీ" అన్నారు కండక్టరు గారు, చాలా మర్యాదగా. పదకొండు నిమిషాలయ్యాక ఫోను పక్కన పెట్టేశారు. "నాదే తప్పమ్మా, ఇంగ్లీషు సరిగా రాదు."

నా 43 తప్పుల షీట్లో ఆ నంబరు సంగతి లేదు. ఉండే అవకాశమే లేదు, ఎందుకంటే ఐడీ కార్డు నా దగ్గర లేదు. నేను 4 వేసిన పరిగెత్తే అక్షరాల వైపు ఐదుగురిలో ఒక్కరు కూడా కన్నెత్తి చూడలేదు. ప్రకటన అనుకుని వదిలేశారు. "పైన ఏదో పోతోంది కదా, చూశారా?" అని తర్వాత అడిగితే అంగన్‌వాడీ టీచరు, "ఏం పోతోంది?" అన్నారు.

ఆవిడ అసలు సైటు దారిన రానేలేదు. గూగుల్లో కేంద్రం పేరు, పక్కన "ఎగ్జామ్ ఫీజు లాస్ట్ డేట్" అని కొట్టి, వచ్చిన మొదటి ఫలితం తెరిచి, "ఇదిగో, దొరికింది" అన్నారు. ముప్పై సెకన్లు కూడా పట్టలేదు. దొరికింది రెండేళ్ళ కిందటి నోటీసు. తేదీ స్కాన్ బొమ్మలో ఎక్కడో మూల ఉంది, సంవత్సరం మీద ఆఫీసు స్టాంపు పడింది. ఆవిడ ఆ తేదీ నమ్మారు. ఐదుగురిలో పని పూర్తయిందని సంతోషంగా లేచింది ఆవిడొక్కరే. ఆవిడకి ఈ తప్పు నిజంగా జరిగి ఉంటే ఆలస్య రుసుము కట్టేవారు, లేదా ఒక పరీక్ష పోగొట్టుకునేవారు.

గృహిణి గురించి ఒక్క మాటే చెప్తాను. పది నిమిషాలయ్యాక ఆవిడ నా వైపు తిరిగి, "తెలిసి కూడా చెప్పకుండా చూస్తూ కూర్చుంటావేంటమ్మా, ఆడపిల్లవి" అని కోప్పడ్డారు. అప్పుడు మా అత్తయ్య టీ తెచ్చి కాపాడింది.

ఎంఏ అబ్బాయి తన లాప్‌టాప్ తెచ్చుకున్నాడు, అందులో ఎన్‌వీడీఏ ఉంది. తెర మీద ఉన్నది చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. అతను మెరుపులా వింటాడు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా కోసం వేగం తగ్గించాడు. పేజీ తెరవగానే "గ్రాఫిక్, గ్రాఫిక్, గ్రాఫిక్" అని ఐదుగురు పెద్దల్ని దాటింది. తర్వాత 64 లింకుల మెనూ. ఏ పేజీకి వెళ్ళినా ముందు ఆ 64 వినాల్సిందే, దాటేసి అసలు విషయంలోకి వెళ్ళే లింకు లేదు. నోటీసుల జాబితాలో "క్లిక్ హియర్, క్లిక్ హియర్, క్లిక్ హియర్". దేనికి క్లిక్కో చెప్పదు. స్కాన్ చేసిన పీడీఎఫ్ తెరిస్తే నిశ్శబ్దం. "ఇది మాకు తెల్ల కాగితం అక్కా" అన్నాడు. "మరి నువ్వెలా నెట్టుకొస్తున్నావు?" అని అడిగాను. "నెట్ సెంటర్" అన్నాడు.

ఆ రోజు ఐదుగురిలో నలుగురు ఏదో ఒక దశలో ఆ మాట అన్నారు. "మామూలుగా అయితే నెట్ సెంటర్‌కి పోతామండీ."

మర్నాడు ఉదయం ఆ నెట్ సెంటర్‌కి వెళ్ళాను. బస్టాండ్ ఎదురుగా, జెరాక్స్ మెషీను, రెండు కంప్యూటర్లు, లామినేషన్ వాసన. నడిపే అబ్బాయికి పాతికేళ్ళుంటాయేమో. హాల్ టికెట్ కావాలన్నాను. "నంబరు చెప్పండి" అన్నాడు. ఏ నంబరు అని అడగలేదు. హోమ్ పేజీ తెరవనే లేదు. బ్రౌజర్ పైన వరసగా ఉన్న బుక్‌మార్కుల్లో ఒకటి నొక్కాడు, నేరుగా హాల్ టికెట్ పేజీ. ప్రింటుతో కలిపి 30 రూపాయలు. నలభై సెకన్లు.

ఆ వరసలో తొమ్మిది బుక్‌మార్కులున్నాయి, అన్నీ ఈ ఒక్క సైటువే. పేర్లు అతనే పెట్టుకున్నాడు: హాల్ టికెట్, సప్లీ ఫీజు, రిజల్ట్, స్టడీ సెంటర్, అసైన్‌మెంట్లు, పాత పేపర్లు, డూప్లికేట్ మెమో, టీసీ, ఓడీ. అసలు డిగ్రీ పట్టాని అందరూ ఓడీ అనే అంటారు. ఆ మాట సైటు మొత్తంలో ఎక్కడా లేదు. అక్కడ అది రిజిస్ట్రార్ ఆఫీస్ కింద, కాన్వొకేషన్ సెల్ కింద, "అప్లికేషన్ ఫర్ అవార్డ్ ఆఫ్ డిగ్రీ" పేరుతో ఉంది. "హోమ్ పేజీ ఎందుకు పెట్టుకోలేదు?" అని అడిగితే, "అది తెరిస్తే కస్టమర్ లేచిపోతాడక్కా" అన్నాడు.

నేను రెండు వారాలు 64 లింకుల్ని ఎలా సర్దాలా అని తల పట్టుకున్నాను. ఆ కేంద్రానికి అసలైన మెనూ ఇతను ఎప్పుడో తయారుచేసి పెట్టుకున్నాడు, దాని మీద సంసారం కూడా నడుపుకుంటున్నాడు. అనుమతి అడిగి ఆ వరసని ఫొటో తీసుకున్నాను. "మీరు సైటు బాగుచేస్తే నా పొట్ట కొట్టినట్టే కదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

సోమవారం మామయ్యతో ఆఫీసుకి వెళ్ళినప్పుడు మిగతా సగం అర్థమైంది. వరండాలో నడుస్తూ గదుల మీద బోర్డులు చదువుకుంటూ వెళ్ళాను. అడ్మినిస్ట్రేషన్, అకడమిక్, ఎగ్జామినేషన్ బ్రాంచ్, రిజిస్ట్రార్ ఆఫీస్, కాన్వొకేషన్ సెల్. మెనూలో ఉన్నవి అవే పేర్లు, దాదాపు అదే వరసలో. సైటు చేయించినప్పుడు ప్రతి సెక్షన్‌నీ "మీ పేజీలో ఏం పెట్టాలి" అని అడిగారట. ప్రతి సెక్షనూ తన గది తలుపు ఒకటి మెనూలో పెట్టించుకుంది. లోపలివాళ్ళకి అది చక్కగా అర్థమవుతుంది. బయటినుంచి వచ్చినవాడు గేటు దగ్గర నిలబడి ప్రతి తలుపూ తట్టాలి.

ఆ వారం కార్డుల పద్ధతి చేశాను. ఒక్కో కార్డు మీద ఒక్కో పని పేరు రాసి, జనం చేత వాళ్ళకి తోచినట్టు కుప్పలు పెట్టించడం. అత్తయ్య బీరువాలో పాత శుభలేఖల కట్ట ఉంటే వాటి వెనక తెల్ల వైపు కత్తిరించి ముప్పై ముక్కలు చేశాను. అదే ఐదుగురిలో నలుగురు మళ్ళీ వచ్చారు, గృహిణి గారు కోపం తగ్గాక వచ్చారు. ఎవరూ ఎవరిదీ చూడలేదు, అయినా దాదాపు ఒకేలా పెట్టారు. చేరేముందు, చదువుతుండగా, పరీక్షలప్పుడు, చదువయ్యాక. ఆఫీసువాళ్ళు గదుల లెక్కన చూస్తుంటే, చదివేవాళ్ళు కాలం లెక్కన చూస్తున్నారు. టీసీని "చేరేముందు" కుప్పలో పెట్టిన బట్టల షాపు అబ్బాయిని ఎందుకని అడిగితే, "ఇక్కడ చేరాలంటే పాత కాలేజీ టీసీ ఇవ్వాలి కదా" అన్నాడు. నిజమే. కాబట్టి "టీసీ" అని ఒట్టి మాట పెడితే సరిపోదు, "ఇక్కడినుంచి టీసీ తీసుకోవడం" అని రాయాలి. ఇలాంటివి ఆఫీసు ఏసీ గదిలో ఎన్నిసార్లు బోర్డు మీద గీసినా తట్టవు.

డైరెక్టరు గారితో మీటింగు మొదట్లో బాగా నడవలేదు. 43 వరుసల షీటు ముందు పెట్టడం నా తెలివితక్కువ. ఆయన దాన్ని అభియోగ పత్రంలా తిరగేసి, "పోయినేడాది ఒక కమిటీ వచ్చి సైటు చాలా రిచ్‌గా ఉందని మెచ్చుకుంది" అన్నారు. నేను రూల్స్ ఎత్తాను. ప్రభుత్వ వెబ్‌సైట్లకి కేంద్ర ప్రభుత్వం 2009లో మార్గదర్శకాలు తెచ్చింది, 2023లో మూడో కూర్పు వచ్చింది, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో కూడా ఈ అందుబాటు సంగతి ఉంది అని చెప్పాను. రూల్ అనేసరికి కొంచెం ముందుకి వంగారు, రాసుకున్నారు. కానీ ఆయన మనసు మార్చింది అది కాదు. కండక్టరు గారి అనుమతితో ఆయన ఫోను మీద వేళ్ళు మాత్రమే కనబడేలా తీసిన వీడియో ఒకటుంది, రెండు నిమిషాలది. స్కాన్ 0037ని మూడుసార్లు నొక్కడం, ఫోను అడ్డం తిప్పడం, జేబులోంచి ఐడీ కార్డు తీయడం. చివర్లో "నాదే తప్పమ్మా" అన్న గొంతు. డైరెక్టరు గారు రెండోసారి పెట్టమన్నారు. తర్వాత మామయ్య వైపు తిరిగి, "మన పిల్లలే కదండీ వీళ్ళు" అన్నారు. కండక్టరు గారికి నలభై ఏడేళ్ళు, కానీ ఆ మాట విన్నాక షీటు మూసేశాను.

సైటంతా కొత్తగా కట్టడానికి టెండరు కావాలి, టెండరుకి ఏడాది. ఉన్న కాంట్రాక్టులో మెయింటెనెన్స్ కుర్రాడు చేయగలిగినవి మాత్రమే తీసుకున్నాం. ఫోను తెరకి సరిపోయే ఆ ఒక్క వరుస కోడ్, దాంతోపాటు ఫోన్లో మూడు నిలువు వరసలు ఒకదాని కింద ఒకటి వచ్చేలా మార్పు. అతనికి రెండు రోజులు పట్టింది. హోమ్ పేజీలో అన్నిటికంటే పైన తొమ్మిది పెద్ద బటన్లు, తెలుగులో, నెట్ సెంటర్ వరసలోనే. ఓడీని ఓడీ అనే రాయించాం. డైరెక్టరు గారు కాస్త నొచ్చుకున్నారు, అది అధికారిక పదం కాదని. అందుకని కింద చిన్నక్షరాల్లో అధికారిక పదం కూడా పెట్టాం. నోటీసుల పేర్లలో స్కాన్ నంబరు బదులు విషయం, సంవత్సరం. పాత ఏడాదివన్నీ వేరే పేజీకి, పైన "ఇది పాత నోటీసు" అని పెద్ద పట్టీతో. నోటీసు టైపు చేసిన ఫైలునే పీడీఎఫ్ చేసి పెట్టమని సెక్షన్లకి చెప్పడం మాత్రం పెద్ద పోరాటమే అయింది. సంతకం, స్టాంపు లేని కాగితం కాగితమే కాదని వాళ్ళ నమ్మకం. చివరికి రెండూ పెడుతున్నారు. ఎంఏ అబ్బాయి టైపు చేసినది వింటాడు, మిగతావాళ్ళు స్టాంపు చూసుకుంటారు.

పెద్దల ఫొటోలు అడుగుకి దిగాయి. పరిగెత్తే అక్షరాలు ఉన్నాయి. వాటిని తీయనివ్వలేదు. "సైటు అన్నాక కొంచెం కళ ఉండాలమ్మా" అన్నారు డైరెక్టరు గారు. ఆపుకునే బటన్ ఒకటి పెట్టించి, ఎరుపుని ముదురు చేయించి ఊరుకున్నాను. ఎలాగూ ఎవరూ చూడరు.

ఏప్రిల్‌లో కండక్టరు గారి చేత మళ్ళీ హాల్ టికెట్ తీయించాను. నిమిషంన్నర పట్టింది. అందులో ఒక నిమిషం నంబరు దగ్గరే పోయింది. పేజీలో "ఐడీ కార్డు మీద ఉన్న అడ్మిషన్ నంబరే ఇది" అని రాయించాం, పక్కన కార్డు బొమ్మ కూడా పెట్టించాం. అయినా ఆయన పర్సులోంచి ముందు తీసింది రసీదు.

ఆ పేర్ల గొడవ వెబ్‌సైటుది కాదు, ఆఫీసుది. జూన్‌లో మామయ్య కొత్త బ్యాచ్ ఐడీ కార్డు నమూనా ఫొటో పంపాడు. దాని మీద "ఎన్‌రోల్‌మెంట్ నంబర్" అని ఉంది. సంతోషం పట్టలేక వెంటనే ఫోన్ చేశాను. మరి రసీదు మీద కూడా మార్చారా అని అడిగాను. రసీదులు అకౌంట్స్ సెక్షన్‌వట. పాత పుస్తకాలు ఇంకా రెండేళ్ళకి సరిపడా ఉన్నాయట.